ఫాల్‌కి వస్తున్న పిల్లలకి ఫోన్, పేమెంట్ మోసాల గురించి ఒక్క పేజీలో ఏం చెప్పాలి?

ఫాల్_డెస్క్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో మా యూనివర్సిటీ తెలుగు స్టూడెంట్స్ గ్రూపు తరఫున, ఆగస్టులో దిగే కొత్త బ్యాచ్‌కి ఒరియెంటేషన్ రోజున ఒకే ఒక్క కాగితం చేతిలో పెడదామనుకుంటున్నాం. యూనివర్సిటీ వాళ్ల స్లైడ్లు ఉన్నాయి గానీ వాటిలో "తెలియని కాల్స్‌తో జాగ్రత్త" అన్న మాట తప్ప మనవాళ్లు నిజంగా ఎక్కడ ఇరుక్కుంటారో అది ఉండదు.

నాలుగు విషయాల మీద గట్టి సమాచారం కావాలి. ఐస్ (ఇమిగ్రేషన్ పోలీసు) పేరుతోనో యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ ఆఫీసు) పేరుతోనో, అదీ అసలు ఆఫీసు నంబరే స్క్రీన్ మీద కనిపిస్తూ కాల్ వస్తే ఏం చేయాలి? వాట్సాప్ గ్రూపుల్లో రూపాయలిచ్చి డాలర్లు తీసుకోవడం ఎంతవరకు సేఫ్? ఊరికే వద్దంటే వినరు, కారణం చెప్పాలి. "నీ ఫీజు నేను కడతా, నాకు పది శాతం తగ్గించి ఇవ్వు" అనేవాళ్ల సంగతేంటి? ఇక డబ్బు పోయాక మొదటి గంటలో ఎవరికి ఫోన్ చేయాలి? ఇంటి దగ్గర అమ్మానాన్నలకి పంపడానికి కూడా నాలుగు ముక్కలుంటే చెప్పండి. కథలు కాకుండా పనికొచ్చే వివరం ఇస్తే మేలు.

ఐ20_కిటికీ

మొదటిదానికి చెప్తాను. స్క్రీన్ మీద కనిపించే నంబరుకి ఏ విలువా లేదు. కాల్ చేసేవాడు తనకి కావలసిన నంబరు చూపించుకోగలడు. వాషింగ్టన్‌లోని మన ఎంబసీ నంబరే చూపిస్తూ కాల్స్ వస్తున్నాయని 2018లో ఎంబసీవాళ్లే హెచ్చరిక ఇచ్చారు. 2021 జూన్ 30 నుంచి పెద్ద క్యారియర్లు స్టిర్-షేకెన్ పద్ధతిలో కాల్స్‌కి డిజిటల్ సంతకం వేస్తున్నాయి. కొన్ని ఫోన్లలో నంబరు పక్కన టిక్కు కనిపించేది అందుకే. ఆ టిక్కు ఉన్నంత మాత్రాన అవతలివాడు ఆఫీసరని కాదు. ఆ నంబరు వాడుకునే హక్కు అతనికి ఉందని, అంతే. హక్కున్న నంబరు కొనుక్కుని మోసం చేసేవాడికి కూడా టిక్కు పడుతుంది.

కాల్ నడిచే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట ఒకడు నీ పేరు, యూనివర్సిటీ, పుట్టిన తేదీ చదువుతాడు. "నీ ఇమిగ్రేషన్ ఫారంలో తప్పుంది, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) టెర్మినేట్ అవుతోంది" అనో "నీ పేరు మీద పార్సెల్ పట్టుబడింది" అనో మొదలుపెడతాడు. తర్వాత "ఆఫీసర్"కి కలుపుతాడు. బ్యాడ్జి నంబరు చెప్తాడు, వారెంటు పీడీఎఫ్ పంపుతాడు. అసలు కీలకం ఆ తర్వాత చెప్పే రెండు మాటల్లో ఉంది: "ఫోన్ పెట్టెయ్యకు", "ఇది రహస్య విచారణ, ఎవరికీ చెప్పకు". పక్కన రూమ్మేట్ ఒక్కడున్నా ఆ కాల్ నిలబడదు. అందుకే గంటల తరబడి లైన్లో ఉంచి, ఒంటరిగా దుకాణానికో బిట్‌కాయిన్ మెషీన్ దగ్గరికో నడిపిస్తారు. "క్యాషియర్ అడిగితే బర్త్‌డే గిఫ్టని చెప్పు" అని కూడా నేర్పిస్తారు.

తెలివైన పిల్లలు కూడా నమ్మడానికి కారణం ఉంది, కాగితంలో దాన్ని చులకన చేయకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకి జీపీఎస్ పట్టీలు కట్టారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అన్నది ప్రభుత్వమే నడిపిన నకిలీ యూనివర్సిటీ అని బయటపడింది. అరెస్టయినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది సెవిస్ రికార్డులు రద్దుచేసి, ఆ నెల చివర్లో మళ్లీ తెరిచారు. కాబట్టి భయం ఉత్తదేం కాదు. కానీ వాటిలో ఎక్కడా ఫోన్లో డబ్బు కట్టి బయటపడే దారి లేదు. నిజం అధికారులైతే ఇంటికొస్తారు, ఉత్తరం వస్తుంది, లేదా స్కూలు ద్వారా తెలుస్తుంది. ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) కూడా మామూలుగా ముందు పోస్టులో ఉత్తరమే పంపుతుంది.

చేయాల్సిన పని చిన్నదే. కాల్ కట్ చేయాలి. వాదించడం, పరీక్షించడం వద్దు. "నా డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) పేరేంటి చెప్పు" లాంటి ప్రశ్నలు పనిచేయవు, ఆ పేరు వెబ్‌సైట్లోనే ఉంటుంది. తర్వాత యూనివర్సిటీ సైట్ మనమే తెరిచి, అక్కడున్న నంబరుకో ఈమెయిల్‌కో "నా సెవిస్ స్టేటస్ యాక్టివ్‌గా ఉందా?" అని ఒక్క వాక్యం అడగాలి. ఓపీటీలో (చదువుకి సంబంధించిన పని అనుమతి) ఉన్నవాళ్లకి తమ వివరాలు చూసుకునే సెవ్ప్ పోర్టల్ ఉంటుంది గానీ చదువుకుంటున్నవాళ్లు తమ రికార్డు తాము చూసుకోలేరు. ఈ సందులోనే దొంగ దూరతాడు. చూడగలిగేది డీఎస్ఓ, అడగాల్సిందీ ఆయన్నే. ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) మాత్రం సీబీపీ (సరిహద్దు అధికారులు) సైట్లో ఎవరికి వాళ్లు ఉచితంగా తీసుకోవచ్చు. దానికి ఫీజు అడిగే సైట్ ఏదైనా దళారీదే.

నీ వివరాలు వాడికెలా తెలిశాయంటే, చాలా యూనివర్సిటీలు పేరు, ఈమెయిల్, ఫోన్, చదివే కోర్సు లాంటివాటిని "డైరెక్టరీ ఇన్ఫర్మేషన్" కింద బయటికి ఇవ్వొచ్చు. ఫెర్పా (విద్యార్థి రికార్డుల గోప్యత) చట్టం ప్రకారం వద్దని చెప్పే హక్కు విద్యార్థికి ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసు ఫారం, లేదా పోర్టల్లో ప్రైవసీ సెట్టింగు. పూర్తిగా దాచేస్తే తర్వాత ఉద్యోగానికి డిగ్రీ వెరిఫికేషన్ దగ్గర ఇబ్బంది రావచ్చు, కాబట్టి వీలున్నచోట ఫోన్, అడ్రసు మాత్రమే దాచుకోమనండి.

జమాఖర్చు

ఐస్ కాల్స్ గురించి అందరూ మాట్లాడతారు. నన్నడిగితే మీ కాగితంలో సగం చోటు రూపాయి-డాలరు మార్పిడికే ఇవ్వాలి. ఐస్ పేరుతో ఫోన్ చేసేవాణ్ని పిల్లలు కనీసం అనుమానిస్తారు. గ్రూపులో "భయ్యా, 2000 డాలర్లున్నాయి, గూగుల్ రేటుకే ఇస్తా, రూపాయలు నాన్నగారితో యూపీఐ చేయించు" అనేవాణ్ని అనుమానించరు, ఎందుకంటే వాడూ తెలుగులోనే మాట్లాడతాడు.

జరిగేది ఇది. ఇంటి దగ్గర నాన్న రూపాయలు పంపుతారు. ఇక్కడ నీ ఖాతాకి జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య ఫోన్‌తో అప్పటికప్పుడు డబ్బు పంపే అమెరికా పద్ధతి) డాలర్లు వస్తాయి. లెక్క సరిపోయిందనుకుంటావు. కానీ ఆ జెల్ వచ్చింది ఎవరో అమెరికన్ ఖాతా హ్యాక్ చేసి. పంపినవాడి పేరు, గ్రూపులో మాట్లాడినవాడి పేరు వేరుగా ఉంటే అక్కడే ఆగాలి. "మా రూమ్మేట్ అకౌంటు" అంటాడు. నాలుగు రోజులకో నాలుగు వారాలకో అసలు ఖాతాదారు ఫిర్యాదు చేస్తాడు. జెల్ వెనక్కి రాదనేది పంపినవాడు మనసు మార్చుకున్నప్పటి మాట. ఖాతా దొంగిలించి పంపినట్టు తేలితే బ్యాంకు నీ దగ్గర్నుంచి లాక్కుంటుంది, ఖాతా మూసేస్తుంది. ఆ మూసివేత, బ్యాంకులు ఇలాంటి వివరాలు పంచుకునే చెక్స్‌సిస్టమ్స్ లాంటి చోట నమోదైతే ఐదేళ్ల దాకా ఉంటుంది, ఇంకో బ్యాంకుకి వెళ్లినా ఖాతా ఇవ్వరు. ఖాతా లేకపోతే అద్దె, జీతం, ఫీజు అన్నీ ఆగుతాయి.

తిరుగు దిశలో ఇంకా చెడ్డది. నువ్వు ఇక్కడ డాలర్లిచ్చి ఇంటి దగ్గర రూపాయలు తీసుకున్నావనుకో. నాన్న ఖాతాలో పడ్డ డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో పోయిన డబ్బు కావచ్చు. బాధితుడు 1930కి (ఇండియాలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే ఆ డబ్బు వెళ్లిన ఖాతాల మీద లీన్ (డబ్బు కదలకుండా నిలుపుదల) పడొచ్చు. ఏ రాష్ట్రంలో కేసు పెట్టారో ఆ స్టేషన్‌తో మాట్లాడుకుని తీయించుకోవాలి. పెన్షన్ ఖాతానో పంట డబ్బు ఖాతానో ఇలా ఆగిపోతే ఇంట్లో పరిస్థితి ఏంటో చెప్పక్కర్లేదు.

చట్టం మాట: ఫెమా (ఇండియా విదేశీ మారక చట్టం) సెక్షన్ 3 ప్రకారం అధీకృత సంస్థ ద్వారా తప్ప విదేశీ మారకం చేయకూడదు. సెక్షన్ 13 కింద జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా వేయొచ్చు. ఇక్కడ లైసెన్సు లేకుండా దీన్నే వ్యాపారంగా చేసేవాడి మీద ఫెడరల్ కేసు పెట్టొచ్చు. "కమీషనిస్తా, నీ అకౌంటు వాడుకుంటా" అనేవాడి మాట వింటే ఆ వ్యాపారంలో నువ్వూ ఒక చెయ్యి అయినట్టే.

ఇక ఫీజు డిస్కౌంటు. వాడు నీ స్టూడెంట్ ఐడీ, పోర్టల్ పాస్‌వర్డ్ అడుగుతాడు, లేదా పేమెంట్ లింకు అడుగుతాడు. 9,000 డాలర్ల ఫీజు కట్టేస్తాడు. పోర్టల్లో బ్యాలెన్స్ సున్నా కనిపిస్తుంది, అక్కడ మోసమేమీ లేదు, నిజంగానే సున్నా. నువ్వు 8,100 జెల్ చేస్తావు. కట్టింది దొంగిలించిన క్రెడిట్ కార్డుతో. కార్డు యజమాని స్టేట్‌మెంట్ చూసి డిస్‌ప్యూట్ వేస్తాడు, ఛార్జ్‌బ్యాక్ వస్తుంది (కార్డు బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాక్కుంటుంది), యూనివర్సిటీ ఆ 9,000 మళ్లీ నీ మీద వేస్తుంది. అప్పటికి సెమిస్టరు మధ్యకొస్తుంది. అకౌంటు మీద హోల్డ్ పడితే స్ప్రింగ్‌కి రిజిస్టర్ కాలేవు, రిజిస్టర్ కాకపోతే ఫుల్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ పోతుంది, అది పోతే సెవిస్ దాకా వెళ్తుంది. పైగా దొంగ కార్డు వాడిన ఖాతా నీదే కాబట్టి క్యాంపస్ పోలీసు అడిగేది నిన్నే.

పిల్లలకి ఒక్క లెక్క చూపించండి చాలు. కార్డుతో ఫీజు కడితే చాలా యూనివర్సిటీలు అదనంగా రెండు మూడు శాతం సర్వీస్ ఛార్జీ తీసుకుంటాయి. సొంత డబ్బుతో అది కూడా కట్టి, నీకు పది శాతం తగ్గించేవాడికి ఏం మిగులుతుంది?

అమ్మానాన్నలు కట్టాలంటే పోర్టల్లో "ఆథరైజ్డ్ యూజర్"గా వాళ్ల ఈమెయిల్ చేర్చే వీలు చాలాచోట్ల ఉంటుంది. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

రేటుకార్డు

జమాఖర్చు గారు చెప్పింది నిజమే గానీ, వద్దని చెప్పి వదిలేస్తే పిల్లలు మళ్లీ గ్రూపుకే వెళ్తారు. వాళ్లు వెళ్లేది రేటు కోసం, టీసీఎస్ (విదేశాలకి పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) తప్పించుకోవడం కోసం. రెంటికీ జవాబు రాయండి.

చదువు కోసం పంపే డబ్బు మీద ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు, 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితి ఇదే. బ్యాంకు విద్యారుణం నుంచి పంపేదానికి ఎంతైనా టీసీఎస్ లేదు. పరిమితి దాటి పట్టుకున్నా అది పోయిన డబ్బు కాదు; ఎవరి పాన్ మీద పట్టారో వాళ్లు రిటర్న్‌లో చూపించి సర్దుకోవచ్చు, మిగిలితే రీఫండ్ వస్తుంది. అమ్మా నాన్నా ఇద్దరికీ పాన్ ఉంటే చెరొక పది లక్షల లెక్క.

వైర్ పంపేటప్పుడు బ్యాంకు ఫారంలో ఛార్జీలు ఎవరివో అడిగే గడి ఉంటుంది. అక్కడ "అవర్" (ఛార్జీలన్నీ పంపేవాళ్లవే) పెట్టించకపోతే మధ్య బ్యాంకు దారిలో కొంత కోసుకుంటుంది, యూనివర్సిటీలో ఆ పాతిక ముప్పై డాలర్లు బాకీగా మిగిలి లేట్ ఫీజు పడుతుంది. ఫ్లైవైర్, కన్వెరా లాంటివి యూనివర్సిటీ పోర్టల్లోంచే తెరిస్తే రూపాయల్లో కట్టించుకుని అక్కడ పూర్తి మొత్తం చేరుస్తాయి. మెయిల్లో వచ్చిన లింకు మాత్రం నొక్కొద్దు.

కౌంటీ_రికార్డు

ఇల్లు గురించి ఎవరూ రాయలేదు. ఆగస్టు బ్యాచ్‌లో మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది, ఇంకా విమానం ఎక్కకముందే. "డిపాజిట్ ఇవాళ పంపకపోతే వేరేవాళ్లకి వెళ్లిపోతుంది" అంటే ఆగండి. టెక్సాస్‌లో ప్రతి కౌంటీకి అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటు ఉంటుంది. అడ్రసు కొడితే ఇంటి యజమాని పేరు ఉచితంగా వస్తుంది. లీజులో సంతకం పెట్టినవాడి పేరు అదేనా చూడండి. అపార్ట్‌మెంటు కాంప్లెక్సు అయితే మ్యాప్స్‌లో నంబరు తీసుకుని లీజింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి "ఈ యూనిట్ ఖాళీ ఉందా" అని అడగండి. సబ్‌లీజ్ అయితే ఆఫీసు అనుమతి కాగితం చూపించమనండి. ఇవేవీ కుదరకపోతే మొదటి వారం రోజులు సీనియర్ల గదిలో సర్దుకుని, కళ్లతో చూశాకే డబ్బివ్వండి.

క్లెయిమ్స్_బల్ల

డబ్బు పోయాక ఏం చేయాలన్న నాలుగో ప్రశ్నకి జవాబు నాది. డబ్బు వెనక్కి వస్తుందా రాదా అనేది ఎవడు మోసం చేశాడన్నదాని మీద కాదు, డబ్బు ఏ దారిన పోయిందన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి దారిని బట్టి రాయండి.

జెల్, డెబిట్ కార్డు: కార్డు వెనకున్న నంబరుకి ఫోన్. గూగుల్లో "కస్టమర్ కేర్" వెతికితే పైన వచ్చే ప్రకటన కూడా దొంగదే కావచ్చు. ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా చెప్పాలి. నువ్వే యాప్ తెరిచి పంపితే అది "ఆథరైజ్డ్", చట్టం రక్షణ తక్కువ. నీ దగ్గర మాయచేసి ఓటీపీయో పాస్‌వర్డో తీసుకుని వాడు పంపుకుంటే అది రెగ్యులేషన్ ఈ (ఎలక్ట్రానిక్ చెల్లింపుల ఫెడరల్ నియమం) కింద "అనాథరైజ్డ్" లెక్కలోకే వస్తుంది. ఓటీపీ చెప్పావు కాబట్టి తప్పు నీదే అని బ్యాంకు ప్రతినిధి అన్నా ఒప్పుకోవద్దు. సీఎఫ్‌పీబీ (బ్యాంకు వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) 2021లో ఇచ్చిన వివరణలో ఇది స్పష్టంగా ఉంది. రాతపూర్వకంగా క్లెయిమ్ వేయించుకుని నంబరు తీసుకోవాలి. జరిగింది జరిగినట్టే చెప్పాలి, మాట మారిస్తే క్లెయిమ్ పోతుంది. తిరస్కరిస్తే సీఎఫ్‌పీబీ సైట్లో ఫిర్యాదు. బ్యాంకుకి మామూలుగా 10 పనిదినాల గడువు, తేలకపోతే ఆ మొత్తం తాత్కాలికంగా జమ చేసి 45 రోజుల దాకా విచారించవచ్చు. ఖాతా తెరిచి నెల కూడా కాకపోతే ఆ 10 కాస్తా 20 అవుతుంది, 45 కాస్తా 90. ఆగస్టు పిల్లలందరూ ఈ లెక్కలోకే వస్తారు. నువ్వే పంపినా, బ్యాంకు పేరుతోనో ప్రభుత్వం పేరుతోనో మాట్లాడి పంపించి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పు. 2023 మధ్య నుంచి జెల్ బ్యాంకులు ఇలాంటి కొన్ని కేసుల్లో డబ్బు తిరిగిస్తున్నాయి.

క్రెడిట్ కార్డు అన్నిటికన్నా నయం. దొంగ వాడకానికి చట్టప్రకారం నీ బాధ్యత 50 డాలర్లు మించదు. అందుకే తెలియని చోట కొంటే డెబిట్ కన్నా క్రెడిట్ మేలు.

వైర్: బ్యాంకు ఫ్రాడ్ విభాగంతో మాట్లాడి "వైర్ రీకాల్" అని ఆ మాటే వాడండి. వెంటనే ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 డాట్ గవ్ సైట్లో ఫిర్యాదు. డబ్బు చేరిన బ్యాంకు పేరు, ఖాతా నంబరు, రౌటింగ్ నంబరు తప్పక రాయాలి, వాళ్లు ఆపించగలిగితే వాటితోనే ఆపించగలరు. మూడు రోజులు దాటితే ఆశ బాగా తగ్గుతుంది.

గిఫ్ట్ కార్డు: కార్డూ రసీదూ రెండూ పారేయొద్దు. ఏ కంపెనీ కార్డో వాళ్లకి ఫోన్ చేసి ఫ్రీజ్ చేయమనాలి. నంబర్లు చదివిన కొద్ది నిమిషాల్లోనే ఖాళీ చేస్తారు, అయినా నాలుగు కార్డుల్లో ఒకటి మిగిలి ఉండొచ్చు. బిట్‌కాయిన్ మెషీన్ అయితే రసీదు మీది వాలెట్ అడ్రసు ఫొటో తీసి, మెషీన్ కంపెనీకీ పోలీసుకీ ఇవ్వాలి. తిరిగి రావడం చాలా అరుదు.

ఇండియా నుంచి యూపీఐ, ఐఎంపీఎస్ ద్వారా పోతే: ఇంటి దగ్గరున్నవాళ్లే 1930కి ఫోన్ చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు వేయాలి. 12 అంకెల లావాదేవీ నంబరు చేతిలో ఉంచుకోండి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకి దూకుతూ ఉంటుంది. ఎంత త్వరగా చెప్తే అంత ముందు ఖాతాలో ఆగుతుంది.

వీటన్నిటి తర్వాత క్యాంపస్ పోలీసు దగ్గర రిపోర్టు, దాని కేసు నంబరు బ్యాంకుకి. మోసపోయానని ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమీ కాదు. ఆ భయంతోనే చాలామంది నోరెత్తరు. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) చెప్పేసి ఉంటే ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్, మూడు క్రెడిట్ బ్యూరోల్లో ఫ్రీజ్ (నీ పేరు మీద ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా). ఫ్రీజ్ ఉచితం. కొత్తవాళ్ల పేరు మీద ఇంకా ఫైలే లేకపోతే ఆన్‌లైన్లో పడకపోవచ్చు, అప్పుడు పోస్టులో పంపాలి. ఎనీడెస్క్ లాంటిది (దూరం నుంచి నీ ఫోన్‌నో కంప్యూటర్‌నో నడిపించే యాప్) ఎక్కించి ఉంటే ముందు వైఫై, డేటా ఆపి, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చాలి.

రెండు వారాల తర్వాత "పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టు" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. చాలాసార్లు అదే ముఠా, లేదా వాళ్ల దగ్గర లిస్టు కొన్నవాళ్లు.

హన్మకొండ_నాన్న

తల్లిదండ్రులకు పంపే ముక్కలు నేను చెప్త. మా దిక్కు వచ్చే ఫోను ఇంకో తీరు ఉంటది. "మీ అబ్బాయి అమెరికాల డ్రగ్స్ కేసుల దొరికిండు, పది నిమిషాలల్ల మూడు లక్షలు పంపకపోతే జైలుకు పోతడు" అంటరు. వెనుక నుంచి పిల్లగాని ఏడుపు వినిపిస్తది. ఇప్పుడు గొంతు కూడా కంప్యూటర్ల తయారు చేస్తుండ్రు, కాబట్టి గొంతు విని నమ్మొద్దు. పగటిపూటనే ఎందుకు చేస్తరంటే, మనకు మధ్యాహ్నం 12 అయితే ఎండకాలం డల్లాస్‌ల రాత్రి ఒకటిన్నర. పిల్లగాడు పండుకొని ఉంటడు, ఫోన్ ఎత్తడు.

దానికి మందు: పిల్లల ఫోన్ల అమ్మానాన్న నంబర్లు ఫేవరెట్స్‌ల పెట్టించి, డు నాట్ డిస్టర్బ్‌ల ఉన్నా మోగేటట్టు చెయ్యమనాలె. ఇద్దరు రూమ్మేట్ల నంబర్లు, అపార్ట్‌మెంట్ అడ్రసు, యూనివర్సిటీ పోలీసు నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించుకోవాలె. ఇంట్లోళ్లకే తెలిసే ఒక మాట ముందే అనుకోవాలె. ఊరి పేరు, కుక్క పేరు వద్దు, అవి ఫేస్‌బుక్‌ల ఉంటయి.

పోలీసు డ్రెస్సుల వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటే కట్ చెయ్యుండ్రి. అసొంటి అరెస్టు చట్టంలనే లేదు, 2024 అక్టోబర్‌ల ప్రధాని రేడియోల కూడా చెప్పిండు. వీసా దిగంగనే దావత్ ఫొటోలు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) ఫొటోలు స్టేటస్‌ల పెట్టుడు ఆపుండ్రి. పాస్‌పోర్టు నంబరుతో సహా కనిపిస్తది.

సిమ్_ట్రే

అంకుల్ చెప్పినదానికి ఫోన్ వైపు నుంచి కొంచెం.

మనవాళ్లు పది లైన్ల ఫ్యామిలీ ప్లాన్లో తెలియని సీనియర్ దగ్గర చేరతారు, నెలకి ఇరవై పాతిక డాలర్లని. ఆ ప్లాన్ ఓనరుకి నీ సిమ్ మార్చే అధికారం ఉంటుంది. నీ బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఓనరు మంచివాడే అయినా అతని లాగిన్ పోతే పది నంబర్లూ పోతాయి. బ్యాంకుకి ఇచ్చే నంబరు సొంత ప్రీపెయిడ్‌లో ఉంచుకోమనండి. ఉన్నవాళ్లు క్యారియర్ యాప్‌లో లాక్ పెట్టుకోవాలి: వెరైజన్‌లో నంబర్ లాక్, టీ-మొబైల్‌లో సిమ్ ప్రొటెక్షన్, ఏటీఅండ్‌టీలో వైర్‌లెస్ అకౌంట్ లాక్. ఫోన్ ఉన్నట్టుండి సిగ్నల్ పోయి "ఎస్ఓఎస్" చూపిస్తుంటే, పక్కవాడికి సిగ్నల్ బాగానే ఉంటే, వెంటనే వైఫైలోంచి బ్యాంకుని పట్టుకోవాలి.

వాట్సాప్‌లో టూ స్టెప్ పిన్ పెట్టుకోవాలి, లింక్డ్ డివైసెస్ అప్పుడప్పుడు చూసుకోవాలి. ఫ్రెండు నంబరు నుంచి "అర్జెంట్, 300 జెల్ చెయ్" అని వస్తే వాడికి మామూలు కాల్ చేసి మాట్లాడాకే పంపాలి. సోఫా అమ్ముదామని పోస్టు పెడితే "నువ్వు నిజమైన మనిషివేనా, కోడ్ పంపా, చెప్పు" అంటారు. అది గూగుల్ వాయిస్ కోడ్. చెప్తే నీ నంబరు ఆసరాతో వాడు ఒక అమెరికా నంబరు పుట్టించుకుంటాడు, దాంతో ఇంకొకరిని మోసం చేస్తాడు.

బ్యాంకు పేరుతో "500 డాలర్ల జెల్ చేశారా? అవును, కాదు" అని మెసేజీ వస్తుంది. "కాదు" అని కొట్టగానే ఫోన్ వస్తుంది: "డబ్బు వెనక్కి రావాలంటే నీ నంబరుకి నువ్వే జెల్ చేసుకో." ఆలోపు ఒక కోడ్ అడిగి ఉంటాడు. ఆ కోడ్‌తో నీ నంబరు వాడి ఖాతాకి కట్టేసుకుంటాడు. నీకు నువ్వు పంపుకున్నావనుకుంటే వాడి ఖాతాకి వెళ్తుంది.

తెలియని కాల్స్ సైలెంట్‌లో పెట్టమంటే "రిక్రూటర్లు చేస్తారు కదా" అంటారు. వాయిస్‌మెయిల్ సెటప్ చేసుకోమనండి, రిక్రూటర్ అయితే మెసేజీ పెడతాడు. రెజ్యూమేలో వేసే నంబరు వేరు, బ్యాంకు నంబరు వేరు ఉంటే ఇంకా మంచిది.

ఫాల్_డెస్క్

చాలా థ్యాంక్స్ అందరికీ. అంకుల్, మీ ముక్కలు మీ మాటల్లోనే వేస్తాం. రెండు సందేహాలు మిగిలాయి. క్యాంపస్ జాబ్ అని ప్రొఫెసర్ పేరుతో వచ్చే మెయిల్స్ సంగతేంటి? ఇంకోటి, ఒకమ్మాయికి తెలియని పేరు నుంచి 800 డాలర్ల జెల్ వచ్చింది. "పొరపాటున పంపాను, తిరిగి పంపండి" అని మెసేజీలు వస్తున్నాయి. ఏం చేయమనాలి?

జమాఖర్చు

జాబ్ మెయిల్: ప్రొఫెసర్ పేరుంటుంది, అడ్రసు మాత్రం జీమెయిల్. ఇంటర్వ్యూ లేకుండానే ఉద్యోగమిచ్చి, 2,400 డాలర్ల చెక్కు ఫొటో పంపి, "మొబైల్లో డిపాజిట్ చేసి, నీ జీతం 400 ఉంచుకుని మిగతాది ఫలానావాళ్లకి పంపు" అంటాడు. మర్నాటికి ఖాతాలో కొంత డబ్బు కనిపిస్తుంది, అది బ్యాంకు నియమం కొద్దీ ముందుగా వాడుకోనిచ్చేదే తప్ప చెక్కు పాసైనట్టు కాదు. చెక్కు దొంగదని తేలడానికి వారాలు పడుతుంది, అప్పుడు మొత్తం నీ మీద. అసలు క్యాంపస్ జాబ్ యూనివర్సిటీ హెచ్‌ఆర్ ద్వారా వస్తుంది, ఐ-9 ఫారం (పనిచేసే అర్హత రుజువు) నింపిస్తారు, సెమిస్టర్లో వారానికి 20 గంటలు దాటదు. ఎవరి ఇంటికో పనిచేసి పెట్టమనే "పర్సనల్ అసిస్టెంట్" పని నిజమే అయినా ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద అనుమతి లేకుండా చేయకూడదు.

ఆ 800 గురించి: ఆమె తిరిగి పంపకూడదు. ముట్టుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి "తెలియని వ్యక్తి నుంచి జెల్ వచ్చింది, వెనక్కి తీసుకోండి" అని చెప్పి రిఫరెన్సు నంబరు రాసుకోమనండి. ఆమె సొంతంగా పంపితే అది ఆమె చేసిన కొత్త ట్రాన్స్‌ఫర్. రేపు మొదటి 800ని బ్యాంకు హ్యాక్ కింద వెనక్కి లాగితే ఆమె పంపిన 800 అలాగే పోతుంది. అవతలివాడికి "మీ బ్యాంకుతో మాట్లాడుకోండి, నేను మా బ్యాంకుకి చెప్పాను" అని ఒక్క మెసేజీ పెట్టి, స్క్రీన్‌షాట్ తీసుకున్నాక బ్లాక్ చేయమనండి.